పెట్టెకు జాగ

మెదక్,
జూన్ 9.

చెల్లె కమలమ్మకు అన్న పేతురు రాసేది.

నీ ఉత్తరం అందింది. మెల్లగ కూడబలుక్కొని నేనే చదువుకున్న. ఇంకొకల్లతోని చదివిచ్చుకునే గతి నాకు రాలే. చెవులే పోయినయి, కండ్లు పోలే. టైల్ కోసే మిషన్ నా చెవులను తిన్నది. నువ్వు ఫోన్ల ఎంత ఒర్లినా నాకు తుమ్మెద మొత్తుకున్నట్టే ఉంటది. ఫోన్ చెయ్యకు. రాయి.

నౌకరి అయిపోయింది, మెదక్ వస్త, నీ ఇంటి పక్క నా జాగల ఒక హాలు, ఒక పండుకునే అర్ర, జరంత వంటిల్లు కట్టు అన్నవు. సంతోషం. ఒకసారి రాసినవు గదా, మల్ల మల్ల అడగకు. నలభై ఏండ్లు ఆ కూనూరు గుట్టల మీద ఒకల్ల పిల్లలకు అన్నం పెట్టినవు, హాస్టల్ తాళాలు నడుముకు కట్టుకొని తిరిగినవు. ఇగ చాలు. రా.

గని ఆ రెండో కాగితం ఏంది? హాల్ల గోడకు పొయ్యి పెట్టాల్నా? ఫైర్‌ప్లేస్ అని బొమ్మ గీసి పంపినవు. నీకు ఎండదెబ్బ తాకిందా అందామంటే ఆ గుట్ట మీద ఎండనే లేదాయె. మెదక్ల ఎండకాలం బండ మీద రొట్టె కాలుతది. గసొంటి ఊర్ల కూసునే అర్రల మంట పెడితే జనం నవ్వరా? గాలయ్యకు చూపిచ్చిన. గాలయ్య అంటే ఆ శంకరంపేటాయన, నాతోని ఇన్నేండ్లు సిమెంటు మాలు కలిపినాయన. "మీ చెల్లె సోఫల కూసోని బువ్వ వండుకుంటదా మేస్త్రీ?" అని చేతులు తిప్పుకుంట అడిగిండు. నాకు సిగ్గయింది.

నువ్వు చిన్నప్పుడే పోయినవు, నీకు తెల్వదు గావచ్చు. హాలు కట్టేది సోఫల కోసం కాదు, టీవీ కోసం కాదు. పెట్టె కోసం. మన వాడకట్టుల ఎవరన్న కన్ను మూస్తే పీనుగను పండవెట్టిన పెట్టె హాలు నడుమ పెడతరు. తలకాడ ఇంటోల్లు కూసుంటరు. రెండు దిక్కుల జనం నిలవడి పాటలు పాడుతరు. కాళ్ళకాడ చర్చి అయ్యగారు వాక్యం చదువుతడు. ఇంతమందికి జాగ కావాలె. మోసుకపొయ్యేటప్పుడు పెట్టె గోడకు తాకద్దు, తలుపు కాడ ఒరగద్దు. నేను ఏ ఇల్లు పట్టినా ముందుగాల హాలు నడుమ పెట్టె గీత గీస్త. దాని ఎన్కనే తలుపు ఎక్కడ, కిటికీ ఎక్కడ. కట్టిచ్చుకునేటోల్లకు చెప్ప, భయపడ్తరు. గని సావు అయిననాడు వాళ్ళే అంటరు, పేతురు మేస్త్రి ఇల్లు, తిప్పల కాలే అని.

మీ వదినె లలితమ్మ పోయినంక నా ముందటి హాలు ఫొటో స్టూడియోకు కిరాయికిచ్చిన. నేను ఎన్క అర్రల ఉంటున్న. రేపు నా పెట్టె పెట్టేది కూడ నీ హాల్లనే. గోడలకెళ్ళి పొయ్యి ముందుకు పొడుసుకొస్తే ఎట్ల? ఆలోచన చెయ్యి.

పేతురు


కూనూరు,
జూన్ 24.

అన్నా, వందనాలు.

నీ ఉత్తరం చదివి నవ్విన. తర్వాత కోపం వచ్చింది. నేను బతకడానికి హాలు అడిగితే నువ్వు చావడానికి కడుతున్నవు.

ఒక సంగతి చెప్త, వినవు కాబట్టి చదువు. ఇన్నేండ్లు ఇక్కడ నా మంచం పిల్లల మంచాల వరుస చివర ఉన్నది. అడ్డం ఒక కర్టెన్. పండుకోవడానికి జాగ ఉండె, వండడానికి ఉండె, నిలబడి పిల్లలను లెక్క పెట్టడానికి ఉండె. కూర్చోవడానికి నాదంటూ ఒక గది ఎన్నడూ లేదు. ప్రిన్సిపాల్ ఇంట్ల ముందు గదిలో ఫైర్‌ప్లేస్ ఉండేది. రోజూ సాయంత్రం తాళాలు ఇచ్చిరావడానికి పోయేదాన్ని. కింద ఎర్రమట్టి టైల్స్, వాటి మీద మంట వెలుగు పడి నేల కదులుతున్నట్టు కనిపించేది. ఎంతమంది ప్రిన్సిపాల్స్ మారిన్రో. అందరూ మంచోళ్ళే. "తాళాలు అక్కడ పెట్టి పో కమలా" అనేవాళ్ళు. నిలబడ్డంతసేపు ఒక చెంపకు వేడి తగిలేది. ఆ చెంపతోనే చలిలో వెనక్కి నడిచి వచ్చేదాన్ని.

నాకు ఆ మంట ముందు కూర్చోవాలని ఉంది. అంతే అన్నా. మెదక్ జనం నవ్వనియ్యి.

టైల్స్ మెరిసేవి వద్దు, చల్లగా ఉంటయి. ఎర్రమట్టివి వెయ్యి. తలుపు పెద్దది వద్దు, ఒంటి రెక్క చాలు, గాలి కొడ్తది. ఈ మధ్య చలి బాగా తెలుస్తుంది. ఎండలో కూర్చున్నా వేళ్ళు వెచ్చబడవు. దవాఖానలో రక్తం తీసి చూస్తున్నరు. పెద్దదేం కాదు. మన అల్లాదుర్గ్ పిల్ల క్రిస్టినా ఇక్కడే నర్సు, వెంటబడి తీసుకుపోతుంది.

నీ చెల్లె
కమల


మెదక్,
ఆగస్టు 4.

కమలమ్మకు,

గోడలు లేసినయి. స్లాబ్ పోసెటందుకు వాన ఆగుతలేదు. తలుపు రెండు రెక్కలదే పెట్టిన. ఒంటి రెక్క సంగతి మర్చిపో. నీకు గాలి కొడితే దుప్పటి కప్పుకో, పెట్టెను మడత పెట్టరాదు.

నడుమ సున్నంతోని పెట్టె గీత గీసిన. సరిపోయిందా లేదా అని నేనే అండ్ల పండుకొని చూసిన. పైన మొగులు కనిపిచ్చింది, మంచిగనే అనిపిచ్చింది. గాలయ్య వచ్చి నా పెయ్యి మీద నీళ్ళు చల్లి ఏందో అన్నడు. తర్వాత చేతులతోని చెప్పిండు, "లెవ్వు మేస్త్రీ, పైన స్లాబ్ పడనియ్యి, గంత తొందరేంది" అని. వానికి నవ్వులాట.

ఇగ నీ పొయ్యి. కడ్తనన్ననా అంటే అనలే. గని ఆ ప్రిన్సిపాల్ల ముచ్చట చదివినంక నాకు బువ్వ పోలే. తాళాలు పెట్టి పో అంటరా? పేతురు మేస్త్రి చెల్లెను? కట్టిన.

కట్టి, వానకు పైన టార్పాలిన్ కప్పి, తుమ్మ కట్టెలు పెట్టి అంటువెట్టిన. పొగ మీదికి పోలే. మొత్తం మా మీదికే వచ్చింది. కిటికీలకెళ్ళి, తలుపులకెళ్ళి పొగనే. స్టూడియో ఆయన ఇల్లు అంటుకున్నదని బకీటు వట్టుకొని ఉరికొచ్చి నీళ్ళు కుమ్మరిచ్చిండు. పొయ్యి మీద కాదు, నా మీద. వాడకట్టు మొత్తం నిలవడి చూసింది. ఇన్నేండ్ల పనిల నాకు గసొంటి ఇజ్జత్ పోవుడు ఎన్నడు కాలే.

మతలబు ఏందంటే నేను వంటపొయ్యి లెక్కన కట్టిన. పాత దొరల బంగ్లల గిసొంటిది ఒకటి ఉండె. తేనెటీగలు పట్టినయని ఎన్కట నేనే ఇటుకలు పెట్టి మూసిన. వాచ్‌మన్‌ను బతిలాడి ఆ ఇటుకలు తీసి తలకాయ లోపల పెట్టి చూసిన. లోపల పొగ పొయ్యే గొంతు సన్నగున్నది, ఎన్క గోడ ముందుకు ఒంగి ఉన్నది. మసి మొత్తం మొకానికి. కట్టిందంత కూలగొట్టి మల్ల షురూ చేసిన. నేను తప్పు కట్టింది నేనే కూలుస్త, వేరేటోని చెయ్యి పడనియ్య.

రక్తం తీసిన్రన్నవు. ఏమన్నరు? రాయి.

పేతురు


కూనూరు,
సెప్టెంబర్ 1.

అన్నా, వందనాలు.

ఇది క్రిస్టినా చేతిరాత. చేతికి సూది పెడితే వాచింది, పెన్ను పట్టుకోరావడం లేదు. చెప్పేది నేనే, రాసేది ఆమె.

నీ మీద బకీటు నీళ్ళు పోసిన ముచ్చట క్రిస్టినా చదువుతుంటే వార్డులో అందరూ నవ్విన్రు. తమిళ నర్సులు కూడా అర్థం చెప్పించుకొని మరీ నవ్విన్రు. దొరల బంగ్లాలో తలకాయ పెట్టినవంటే నాకు కండ్లల్ల నీళ్ళు వచ్చినయి. ఎవ్వరి మాట వినని మనిషివి, నా పొయ్యి కోసం మసి పూసుకున్నవు.

ఇంకొక్కటే అడుగుత. ఆ నడుమ గీత చెరిపెయ్యి అన్నా. పొయ్యి ముందు కూర్చుంటే నా కాళ్ళు ఆనేది అక్కడే. రెండు రెక్కల తలుపు కూడా వద్దు. ఎందుకని అడగకు. ఇల్లు నాది అనుకొని అడుగుతున్న.

నవంబర్‌కు తయారవుతదా? అంతకన్నా ముందే అయితే ఇంకా మంచిది.

కమల


మెదక్,
సెప్టెంబర్ 20.

కమలమ్మకు,

రక్తం గురించి అడిగితే బకీటు గురించి రాసినవు. నేను చెవిటోన్ని, గుడ్డోన్ని కాదు. వార్డు అన్నవు. ఆ పిల్ల రాసింది, నువ్వు చూసుకోలే. వార్డుల ఎందుకున్నవు?

గీత చెరప. చెరుపుడు కాదు, ఇప్పుడు పక్కా చేసిన. నీ మాట కాదనక ఎర్రమట్టి టైల్స్ తెప్పిచ్చిన. నడుమ పెట్టె ఎంత పడ్తదో గంత జాగకు సుట్టూ నల్ల టైల్‌తోని అంచు కట్టిన. లారీల సగం టైల్స్ పగిలి వచ్చినా ఏరి ఏరి వేసిన. మట్టం పెట్టి చూడు, నీటి బుడగ నడుమల నిలవడ్తది. చూసినోల్లు చాప పరిచినట్టున్నది అంటున్నరు. చాప కాదని నాకెరుక.

నువ్వు ఎందుకని అడగకు అన్నవు. నేను గీత ఎందుకో చెప్త, విను. మాకు పిల్లలు కాలే. లలితమ్మ పోయింది. నేను పెద్దోన్ని, ముందుగాల నేనే పోత. నా పెట్టె తలకాడ కూసునేతందుకు నువ్వొక్కదానివే ఉన్నవు. నాకు పాటలు ఇనపడయి, బతికున్నప్పుడే ఇనపడుతలేవు. ఎవరు పాడినా, పాడకున్నా ఫికర్ లేదు. నువ్వు గా తలకాడ కూసుంటే చాలు. గందుకే నీకు జాగ ఇడిసి కట్టిన, గోడకు ఆనుకొని కూసునేటట్టు. ఇది చెప్పేతందుకు నాకు ఇష్టం లేదు. చెప్పిచ్చినవు.

ఈసారి నీ చేతితోని రాయి. వంకరగున్నా సరే.

పేతురు


కూనూరు,
అక్టోబర్ 3.

అన్నా,

నా చేతితోనే రాస్తున్న. వంకరగానే ఉంటది.

ఒంట్లో రక్తం తయారు కావడం ఆగిపోయిందంట. ఎక్కిస్తున్నరు. ఎక్కించినప్పుడు కొన్నాళ్ళు మనిషిలెక్క ఉంటున్న, మళ్ళీ తెల్లబడుతున్న. నీకు మొదటి ఉత్తరం రాయకముందే తెలుసు. డాక్టరు మంచాయన. "మీకు ఎవరన్నా ఉన్నారా?" అని అడిగిండు. అన్న ఉన్నడు అన్న. "అయితే అక్కడికి పొండి, ఈ చలికాలం అక్కడ గడపండి" అన్నడు. వచ్చే చలికాలం మాట ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు.

మెదక్ వచ్చి, నెమ్మదిగా, నీ పక్కన కూర్చున్నంక చెప్దామనుకున్న. ఫోన్‌లో నీకు వినపడదు, ఉత్తరంలో రాస్తే నీ దగ్గర ఎవరూ ఉండరు. అందుకని దాచిన.

నువ్వు ప్రతి ఉత్తరంలో పెట్టె, పెట్టె అని రాసినవు. నేను ప్రతిసారీ చదివిన. ఆ నల్ల అంచు నడుమ పండేది నువ్వు కాదు అన్నా. ముందు నేను. నువ్వు గీత గీసి, అండ్ల పండుకొని చూసి, టైల్స్ ఏరి ఏరి వేసింది నా కోసం. నీ పని తప్పని నేను అంటలేను. మన వాడకట్టులో హాలంటే అట్లనే కట్టాలె, నాకు తెలుసు. కానీ నేను దినాం ఆ మంట ముందు కూర్చొని నా జాగను నేనే చూసుకుంట ఉండాల్నా?

ఇంతకాలం నిలబడ్డ. కొన్నాళ్ళు ఊకె కూర్చోనియ్యి. పోయిననాడు నన్ను ఎక్కడ పెట్టినా నాకేం తెలుస్తది.

నీ తలకాడ కూర్చోలేను. అది రాయడానికే ఇంతసేపు పట్టింది.

కమల


మెదక్,
అక్టోబర్ 12.

చెల్లెకు,

కూలగొట్టిన.

గాలయ్యను రావద్దన్న. నల్ల అంచు నేనే పెకిలిచ్చిన. ఒక్క టైలన్న సక్కగ రాలే, మాలు గట్టిగ పట్టింది. ఆ జాగల పొయ్యికి ఎదురుబొదురు రెండు ఇటుక గద్దెలు కట్టిన. జరిపేటియి కావు, నేలల పాతి కట్టిన. మీద ఎర్ర టైల్స్ వేసి అంచులు గుండ్రగ రుద్దిన, తొడలకు గుచ్చుకోవద్దని. ఒకదాని మీద నువ్వు, ఒకదాని మీద నేను.

తలుపు ఒక రెక్క తీసేసి గోడ కట్టిన. గాలి రాదు.

గాలయ్య పొద్దుగాల వచ్చి చూసిండు. "మేస్త్రీ, ఇండ్ల పెట్టె ఎట్ల పడ్తది?" అని చేతులతోని అడిగిండు.

పట్టది అన్న.

పొయ్యి అంటువెట్టిన. పొగ సక్కగ మీదికి పోయింది. జల్ది రా.

పేతురు


మెదక్,
మార్చి 2.

బిడ్డ క్రిస్టినాకు పేతురు తాత రాసేది.

నీ ఉత్తరం అందింది. సెలవు దొరకక రాలేకపోయిన తాతా, అన్నీ వివరంగ రాయి అన్నవు. రాస్త. నాకు వివరం రాదు, వచ్చినంత రాస్త.

నవంబర్ల నువ్వు మా చెల్లెను తోల్కొచ్చి ఆటోల దించి పోయినంక ఆమె చెప్పులు ఇడిసి ఉత్త కాళ్ళతోని టైల్స్ మీద నడిచింది. గోడ మీద చెయ్యి పెట్టుకుంట హాలు సుట్టు తిరిగింది. మంట ముందట గద్దె మీద కూసున్నది. నేను ఎదురుంగ నిలవడ్డ. "కూసో అన్నా" అన్నది. ఇనపడలే, మూతి చూస్తే అర్థమయింది. అప్పటికెళ్ళి దినాం అదే మాట. నేను ఇంట్లకు వచ్చుడు ఆలస్యం, కూసో అన్నా.

ముందుగాల వాడకట్టు ఆడోల్లు నవ్వుదామని వచ్చిన్రు. మెదక్ల పొయ్యి ముందట కూసునే మహరాణి ఎవరో చూద్దామని. క్రిస్మస్ కాడ సలి బాగ కొట్టింది. నవ్వ వచ్చినోల్లు నేల మీద సుట్టు కూసున్నరు. కమలమ్మ వాళ్ళతోని మక్కకంకులు కాల్పిచ్చింది. నర్సమ్మ అని మా ఎనక ఇంటామె, ఒకనాడు తాళాలు మర్చిపోయి మా హాల్ల పెట్టి పోతే "నా ముందట తాళాలు పెట్టకు" అని కమలమ్మ గయ్యిమన్నది. ఆమె పరేషాన్ అయింది, ఎందుకో ఆమెకు తెల్వదు. నాకు ఎరుకే, నవ్వుకున్న.

ఈడ దవాఖానల కూడ రక్తం ఎక్కిచ్చినం. సంక్రాంతి దాటినంక ఎక్కిచ్చినా మొకం మీదికి రాలే. దుప్పట్లు కప్పి గద్దె మీద కూసోవెట్టేటోన్ని. ఒరిగితే పట్టుకునేతందుకు నేను ఎదురుంగున్న గద్దె ఇడిసి పక్కనే కూసునేటోన్ని. ఎండ ముదిరింది, బయట జనానికి చెమటలు పడుతున్నయి, మేము లోపల మంట పెట్టుకున్నం. నా చొక్క తడిసి ముద్దయ్యేది. ఆమె చేతులు మటుకు సల్లగనే ఉండె.

ఫిబ్రవరి ఆఖరున, పొద్దుగాల నేను చాయ పట్టుకొని వచ్చిన. మంచం మీదనే ఉన్నది. ఇగ చెప్ప, నువ్వు నర్సువు, నీకు తెలుస్తది.

పెట్టె వచ్చింది. తలుపులకెళ్ళి లోపటికి పోలే. పోయినా పెట్టే జాగ లేకుండె. నేను, గాలయ్య దుప్పట్ల ఆమెను పట్టుకొని బయటికి తెచ్చినం. ఆకిట్ల షామియానా ఏసి పెట్టెను ఆడ పెట్టినం. ఆకిలి ఏపాటిది? జనం రోడ్డు మీద, స్టూడియో మెట్ల మీద, ఎండల నిలవడ్డరు. ముసలోల్లకు కండ్లు తిరిగినయి. షామియానా గాలికి లేస్తే పాట నడుమల గాలయ్య గుంజ పట్టుకొని నిలవడ్డడు. గుసగుసలు పెట్టిన్రు. నాకు ఇనపడయి గని మూతులు చూస్తే తెల్వదా?

తలకాడ నేను కూసున్న.

ఎబినేజర్ అయ్యగారు మంచోడే. మా వాడకట్టుల సగం ఇండ్లు నేనే కట్టిన, ఏ ఇంట్ల సావు చేసినా ఆయనకు పెట్టె సుట్టు తిరిగే జాగ ఉంటది, ఎన్నోసార్లు నన్ను మెచ్చుకున్నడు. ఆనాడు ఎండకు ఆయన మొకం ఎర్రగయింది. నా చెవి కాడికి వంగి గట్టిగ అడిగిండు, గంత గట్టిగంటే రోడ్డు మీదోల్లకు సుత ఇనపడ్డది.

"గింత పెద్ద మేస్త్రివి, పేతురూ, సొంత చెల్లె పెట్టెకు హాల్ల జాగ ఇడువలేదా?"

అందరు నా దిక్కు చూసిన్రు.

ఇడువలే అన్న.

ఆయన వాక్యం చదివిండు. పాతి పెట్టి వచ్చినం.

ఆమె సామాను ఏం చేసినవని అడిగినవు. ఒక చద్దరు, రెండు చీరలు, బైబిలు. బైబిలు నీకు పంపుత, మిగిలినయి నర్సమ్మకు ఇచ్చిన. నీకు అల్లాదుర్గ్ పొయ్యే పని పడితే మెదక్ల దిగు. బస్టాండ్ కాడ ఆటో వాల్లను పేతురు మేస్త్రి అంటే చెప్తరు. పిలిస్తే ఇనపడది, తలుపు తీసుకొని సక్కగ లోపటికి రా. కూసునేతందుకు జాగ ఉన్నది.

పేతురు తాత